అరవై నాలుగు తెల్లపిట్టలు

తంపరవలస,
18-11-1967.

ఒరే గణపతీ,

ఇక్కడ మీ అక్క తాయారు, నేను, గేదె, దూడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, పద్మకుమారి, పిల్లలు క్షేమమని తలుస్తాను. మీ జూటు మిల్లు గంట కొట్టకముందే ఈ ఉత్తరం చదివేసుకో. తరవాత నీకు తీరిక ఉండదు, ఉన్నా ఉందని ఒప్పుకోవు.

పిట్టలొచ్చాయి. నాగుల చవితి మర్నాడు సాయంత్రం మన చిత్తడినేల, తంపర గట్టు మీద నిలబడి నేనే చూశాను. ఊళ్ళోకి వచ్చి కబురు చెప్పాను. మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు, ఇప్పుడు నేను. ఈ ఊళ్ళో పిట్టల కబురు మా ఇంటివాళ్ళ నోటి నుంచే రావాలి. నేను చెప్పగానే ఆడవాళ్ళు చింతచెట్ల మొదళ్ళకు పసుపు రాసి, ఇంటింటికీ చలిమిడి పంచారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలకు చేసినట్టే. ఇక ఆ చెట్ల మీద గుడ్లు పొదిగి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఎవరూ చింతకాయ దులపరు, డప్పు కొట్టరు. మీ నెల్లిమర్ల వాళ్ళకు ఇదంతా నవ్వులాటగా ఉంటుందని నాకు తెలుసు. నవ్వుకోండి.

ఈ ఏడు విశేషం ఏమిటంటే, గెడ్డ పాయ అవతల ఒక్క వరుసలో అరవై నాలుగు తెల్లవి దిగాయి. గూడబాతులే. నా యాభై ఎనిమిదేళ్ళలో ఇంత బుద్ధిమంతమైన పిట్టలను చూడలేదు. పక్కనుంచి గూడ్సుబండి కూత వేసుకుంటూ పోయినా లేవవు. రోజూ భోజనం కాగానే వెళ్ళి, పొద్దువాటారేదాకా అక్కడే కూర్చుంటున్నాను. "పిట్టల కోసమేటి, గట్టు మీద నిద్దర బాగా పడతాదని ఎల్తన్నావు" అంటోంది మీ అక్క.

అన్నట్టు, నీ రాత చీమకాళ్ళలా తయారైంది. మీ మిల్లులో కాగితానికి అంత కరువా? నేను చదవడం మానేశాను. మీ అక్కే చదివి వినిపిస్తోంది.

నీ కంటే పిట్టలను, పిట్టల కంటే మీ అక్క చేసే రొయ్యల పులుసును ఎక్కువగా ప్రేమించే
మీ బావ
జగన్నాధం


నెల్లిమర్ల,
27-11-1967.

బావకు నమస్కారాలు. చదివి వినిపిస్తున్న అక్కకు ఇంకా ఎక్కువ నమస్కారాలు.

నీ ఉత్తరం మూడు ఇన్‌లాండు కవర్లలో అందింది. మొదటి దాంట్లో పిట్టలొచ్చాయి, రెండో దాంట్లో కూర్చున్నాయి, మూడో దాంట్లో రొయ్యల పులుసు ఉడికింది. ఒక్కొక్క అక్షరం గుమ్మడికాయంత రాశావు బావా! మా మిల్లు గేటు మీద పేరు కూడా అంత పెద్దగా లేదు. నేను వీధి అరుగు మీద పట్టుకుని చదువుతుంటే, పద్మకుమారి వంటింట్లోంచి చదివేసి "అన్నయ్య మళ్ళీ పులుసు గురించే రాశాడేటి" అంది.

రైలు కూతకు కూడా లేవని పిట్టలంటే నాకు నమ్మకం కుదరలేదు. అలా లేవనివాళ్ళు మా ఆఫీసులో నలుగురున్నారు గాని వాళ్ళకు రెక్కల్లేవు. నువ్వు అక్క చెప్పినట్టు గట్టు మీద నిద్రపోతున్నావు, కలలో లెక్కపెడుతున్నావు. జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాను. నీ పక్కన కూర్చుని నేనే లెక్కపెడతాను. అరవై నాలుగుకు ఒక్కటి తగ్గినా, నువ్వు ఊరి నడిమి గున్నమ్మత్త అరుగు మీద నిలబడి, "మా బావమరిదికి నాకంటే బాగా తెలుసు" అని ఊరంతా వినేలా చెప్పాలి. తగ్గకపోతే నేను చెబుతాను.

నీ మాట నమ్మని, పులుసు మాత్రం నమ్మే
గణపతిరావు


తంపరవలస,
14-12-1967.

ఒరే అనుమానం పక్షీ,

మీ అక్క నీ ఉత్తరం చదువుతూ మధ్య మధ్యలో నవ్వింది. మొగుణ్ణి అంటుంటే నవ్వే పెళ్ళాన్ని ఇచ్చారు మీ ఇంటివాళ్ళు.

నేను పెద్దగా రాసేది నీ కోసమే. నలభై ఏడు దాటిన మనిషివి, రోజంతా చిన్న చిన్న అంకెలు చూసే ఉద్యోగం. చూపు మందగించి ఉంటుంది, పాపం మొహమాటపడి చెప్పుకోలేకపోతున్నావేమోనని జాలితలచి రాస్తే గుమ్మడికాయలన్నావు. సరే, ఇకమీదట కూడా గుమ్మడికాయలే రాస్తాను.

పిట్టల సంగతి విను. పోయిన మంగళవారం దాకా అరవై నాలుగే. బుధవారం గెడ్డ అవతల గూడ్సుబండి చాలాసేపు ఆగింది. సాయంత్రానికి చూస్తే యాభై ఒకటి! ఏ నక్క పట్టుకుపోయిందో అనుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు. శనివారానికి మళ్ళీ పదమూడు వచ్చి, పోయినవాటి చోటులోనే బుద్ధిగా కూర్చున్నాయి. పిట్టలకున్న క్రమశిక్షణ మీ మిల్లులో ఉంటే దేశం బాగుపడేది.

గెడ్డ అవతల ఎవరో పోయిన వేసవిలో కొత్తగా ఉప్పు మళ్ళు వేశారని మా పాలేరు జోగయ్య అంటున్నాడు. నేను అటువైపు వెళ్ళి రెండేళ్ళయింది గాని, రోజూ ఇవతలి నుంచి చూస్తూనే ఉన్నాను కదా, నాకైతే ఒక్క ఉప్పు కుప్ప కనిపించలేదు. ఈ కాలం వాళ్ళకు మాటలే గాని పనెక్కడిది?

జనవరిలో తప్పకుండా రా. గున్నమ్మత్త అరుగు కడిగించి ఉంచుతాను.

మీ బావ
జగన్నాధం


నెల్లిమర్ల,
24-1-1968.

బావకు నమస్కారాలు.

నిన్న క్షేమంగా చేరాను, ఒంటి చెప్పుతో. రెండోది మీ తంపర బురదలోనే ఉంది. ఏ నక్క కాలికైనా కనిపిస్తే నాదని చెప్పు.

మొన్న మధ్యాహ్నం నీ పక్కన కూర్చున్న ఆ మూడు గంటలు నేను మరచిపోలేను. వీపున వెచ్చటి ఎండ, ముఖాన చల్లగాలి. నువ్వు తాటిమొద్దు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, తల మీదుగా పోయిన ప్రతి పిట్ట పేరూ చెప్పావు. చాప దులిపినట్టు చప్పుడైతే గూడబాతు అన్నావు. నేను తలెత్తి చూస్తే గూడబాతే. ఈల వేసుకుంటూ గుంపుగా పోతే పరజలన్నావు. పరజలే. గెడ్డలో నీటికుక్కలు చేప కోసం తగువులాడుకుంటుంటే, నేను చూడకముందే నువ్వు విని, "అల్లవిగో, మూడున్నాయిరా" అన్నావు. సరిగ్గా మూడే. ఇన్నేళ్ళూ నిన్ను ఆటపట్టించానే గాని, నీకు ఇంత తెలుసని నాకు తెలియదు.

నీ లెక్కా నిజమే. అరవై నాలుగు. గున్నమ్మత్త అరుగు మీద చెప్పేశాను కదా, ఇప్పుడు రాసి కూడా ఇస్తున్నాను.

అక్కా, కింద ఒక గీత గీశాను. ఆ గీత నుంచి రెండో గీత దాకా బావకు చదవకు. దగ్గు వచ్చినట్టు నటించు.

——————

అవి ఉప్పు కుప్పలు అక్కా. వానాకాలం కప్పిన తాటాకులు తీసేసిన ఉప్పు కుప్పలు. నీకు తెలుసని నాకు తెలుసు. ఆ రోజు మరచెంబుతో మంచినీళ్ళు తెచ్చి, నా ముఖం చూడకుండా వెనక్కి వెళ్ళిపోయావు. మాకు ఇరవై గజాల దూరంలో ఎర్రకాళ్ళ కొంగలు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. బావ వాటివైపు తిరగనైనా లేదు. దూరంగా, పెద్దగా, తెల్లగా ఉన్నవి ఒక్కటే ఆయన కళ్ళకు ఆనుతున్నాయి. వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నువ్వు సెప్పు, ఎన్నిరా?" అన్నాడు. "అరవై నాలుగు బావా" అన్నాను. నీ పెళ్ళైన నాటి నుంచి ఆయన్ని ఆటపట్టించడానికి ఇంతకు మించిన అవకాశం నాకెప్పుడూ రాలేదు. నోరు రాలేదక్కా. ఏడుపొచ్చింది. చెప్పు వెతికే నెపంతో బురదలోకి దిగాను.

తిరుగు ప్రయాణంలో విశాఖపట్నం దాకా పోయి ఒక కళ్ళ డాక్టరును అడిగాను. శుక్లం అంత ముదిరితే ఈ వేసవి దాటనివ్వొద్దు, ఆలస్యమైతే ఆపరేషను చేసినా చూపు రాదు అన్నాడు. కాని మీ మామగారి కన్ను జాతర తీర్థంలో, శుక్లం తీస్తానన్న సూదివాడు పొడిచి పోగొట్టిన నాటి నుంచి, కంటి వైద్యమనే మాట బావ దగ్గర ఎత్తలేం. తనకని చెబితే గడప దాటడు. అందుకని అబద్ధం ఆడబోతున్నాను. నువ్వు నవ్వకుండా చదువు.

——————

దగ్గు తగ్గిందా అక్కా? మిరియాలు నములు.

బావా, నువ్వు జాలిపడింది నిజమైంది. నా చూపు బాగా మందగించింది. ఆపరేషను కావాలేమో అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి కాళ్ళు వణుకుతున్నాయి. పద్మకుమారికి చెప్పలేదు. విశాఖపట్నానికి నాకు తోడుగా నువ్వు వస్తే వెళ్తాను, లేకపోతే వెళ్ళను.

పిరికివాడైన
గణపతిరావు


తంపరవలస,
5-2-1968.

ఒరే పిచ్చి సన్నాసీ,

మీ అక్క నీ ఉత్తరం చదువుతూ మధ్యలో అంతసేపు దగ్గితే గాభరాపడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయట, గొంతు మారిపోయింది. మిరియాల కషాయం ఇప్పించాను. నీ కళ్ళ సంగతి చదివేటప్పుడు దానికి మాటే సరిగ్గా రాలేదు. తమ్ముడంటే ఎంత ప్రేమో చూడు. నేను పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్న రోజున నవ్విన మనిషి.

కాళ్ళు వణకడం ఏమిట్రా? చదువుకున్నవాడివి, డాక్టరుకీ సూదివాడికీ తేడా తెలియదా? మా నాన్న సంగతి మనసులో పెట్టుకున్నావని గ్రహించాను. అది వేరు. తీర్థంలో, దుమ్ములో, డప్పుల మధ్య కూర్చోబెట్టి పొడిచాడు ఆ వెధవ. నేను పదేళ్ళవాణ్ణి, నాన్న తల నేనే పట్టుకున్నాను. ఆ తరవాత నాన్న తంపర గట్టుకు రాలేదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పను, నీకు ధైర్యం రావాలని చెబుతున్నాను. నువ్వు వెళ్ళేది డాక్టరు దగ్గరికి. నీ తల నేను పట్టుకుంటాను. కావలిస్తే డాక్టరుతో, "ముందు నా కన్ను చూడండి, మావాడికి ధైర్యం వస్తుంది" అని చెబుతాను. నా కళ్ళకేం, గెడ్డ అవతలి పిట్టను లెక్కపెట్టే కళ్ళు.

నీ సంగతి గున్నమ్మత్తకు చెప్పాను. కళ్ళకు మంచిదని పొన్నగంటి కూర గంప నిండా కోసి లారీ మీద పంపిస్తోంది. వారం వారం పంపిస్తానంది. రోజూ తిను.

నీ తల పట్టుకోబోయే
మీ బావ


నెల్లిమర్ల,
19-2-1968.

బావా,

పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పులుసు. ఇవాళ పొద్దున పొన్నగంటి అట్టు. పద్మకుమారికి సంగతి చెప్పక తప్పలేదు. మొదట ఏడ్చింది, తరవాత రెండో గంప విప్పింది. మా ఇంటి ముందు నుంచి పోయే మేకలు నన్ను తమలో ఒకడిగా చూస్తున్నాయి. గున్నమ్మత్తకు నా శతకోటి దండాలు చెప్పి, ఇక చాలని చెప్పు.

మార్చి నాలుగో తేదీన విజయనగరం స్టేషన్లో నీ కోసం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అక్కను కూడా తీసుకురా. డాక్టరుతో ముందు నీ కన్ను చూడమని చెబుతానన్నావు. మాట తప్పకు. ఆ ఒక్క మాట మీదే నేను బండెక్కుతున్నాను.

గణపతిరావు


తంపరవలస,
30-3-1968.

తమ్ముడు గణపతికి అక్క తాయారు ఆశీస్సులు. చెయ్యి నాది, మాటలు మీ బావవి. కంటికి ఇంకా కట్టు ఉంది కాబట్టి తను చెబితే నేను రాస్తున్నాను.

"ఒరే గణపతీ, బతికే ఉన్నాను. కోపంగా కూడా ఉన్నాను. ఆ రోజు చీటీలు మారిపోయాయిరా. నీ చీటీ నా చేతిలో, నా చీటీ నీ చేతిలో పెట్టి ఉంటారు. లేకపోతే కాళ్ళు వణికినవాడికి రెండు రూపాయల అద్దాలు చాలనడమేటి, తోడొచ్చినవాడిని బల్లెక్కించడమేటి? వార్డులో పదిమందికి ధైర్యం చెప్పి, ఒకడి తల నిమిరి, ఆపరేషనంటే చీమ కుట్టినంతేనని ఉపన్యాసం ఇచ్చాక నా పేరు పిలిచారు. అప్పుడు దిగి పారిపోతే వాళ్ళేమనుకుంటారు? పరువు కోసం పడుకున్నాను. నీకు రావలసిన ఆపరేషను నేను పడ్డాను. ఈ రుణం ఎలా తీరుస్తావో ఆలోచించుకో."

(తమ్ముడూ, ఇది నా మాట. ఇప్పుడు పెరట్లోకి వెళ్ళారు. బల్ల మీద పడుకున్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని వదల్లేదు చూశావా? గోళ్ళు దిగి నీకు రక్తం కూడా వచ్చింది. "నాన్న తల నేనే గట్టిగా పట్టుకున్నానే, కదిలుంటే తప్పించుకునేవాడేమో" అని ఆ రాత్రి నాతో అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట మొదటిసారి విన్నాను. కట్టు విప్పాక ఏమవుతుందో అని నాకు భయంగా ఉంది. చూపు వచ్చినా భయమే. గెడ్డ అవతల చూస్తారు కదా.)

"ఏటి, ఇంతసేపు రాస్తన్నావు? నేను సెప్పింది నాలుగు ముక్కలే కదా" అంటున్నారు. ఉంటాను.

తాయారు


తంపరవలస,
24-10-1968.

చిరంజీవి గణపతికి,

అక్షరాలు చూశావా? చిన్నవి. ఒక్క కవరులో ఎన్ని మాటలు పట్టాయో లెక్కపెట్టుకో. సీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకుని రాస్తున్నాను. ముందు నన్ను చూసి దూడ బెదిరింది, ఇప్పుడు అలవాటు పడింది.

ఈ ఏడు పిట్టలు నాగుల చవితికి ముందే వచ్చాయి. కన్ను బాగయ్యాక మొదటిసారి గట్టు మీద నిలబడి చూశాను. ఇరవై గజాల్లో ఎర్రకాళ్ళ కొంగ చేపను మింగుతుంటే గొంతులో అది జారడం కూడా కనిపించిందిరా. తరవాత తలెత్తి గెడ్డ అవతల చూశాను. మనుషులు గంపలతో మోస్తున్నారు. నా పిట్టలను గూడ్సుబండిలోకి ఎక్కిస్తున్నారు.

అక్కడే తాటిమొద్దు మీద కూలబడ్డాను. పోయిన ఏడు నాగుల చవితి మర్నాడు నేను ఊరంతటికీ కబురు చెప్పింది ఉప్పు గురించి. ఉప్పు వచ్చిందని చెట్లకు పసుపు రాశారు, చలిమిడి పంచారు. లేచి ఊళ్ళోకి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పకుండా తిన్నగా గున్నమ్మత్త అరుగు దగ్గరికి పోయి అడిగాను. "తెలీకేటి బాబూ" అంది. "నువ్వు సెప్పేవు, మేం పెట్టేం. పిట్టలు ఐదు రోజులు ఆలీసంగా వచ్చేయి. అయితే ఏటి? పురిటికొచ్చే ఆడపిల్లలు మనం సెప్పిన రోజునే వస్తారేటి?" అని, ఆకూవక్కా నోట్లో వేసుకుని, "ఇంతకీ ఈ ఏడు వచ్చీసేయా? సెప్పవేం? నువ్వు సెప్పందే బియ్యం నానబొయ్యం" అంది. చెప్పాను.

ఆ సాయంత్రం నీ ఉత్తరాల కట్ట దించాను. నా బావమరిది రాత నేనే చదువుకుందామని. నీది చీమకాళ్ళ రాత కాదురా, శుభ్రంగా ముత్యాల్లా ఉంది, క్షమించు. ఒక్కొక్కటే చదువుకుంటూ జనవరి ఉత్తరం దగ్గరికి వచ్చాను. రెండు గీతలు కనిపించాయి. మీ అక్క ఎందుకు దగ్గిందో అప్పుడు తెలిసింది. వంటింట్లోకి చూస్తే, అది పొయ్యి ఊదడం ఆపేసి నా వైపే చూస్తోంది. "ఇక దగ్గక్కర్లేదు" అన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది. చీటీలు మారలేదన్నమాట. ఏడు నెలలు ఊరంతా తిరిగి ఆ డాక్టరును తిట్టాను. రేపు ఇంటింటికీ పోయి ఆ తిట్లు వెనక్కి తీసుకోవాలి.

నీ మీద మాత్రం నాకు కోపం పోలేదు. మా పెళ్ళినాడు నా తలపాగాలో వేపకాయలు పెట్టినవాడివి. ముప్పై ఏళ్ళలో నేను తుమ్మినా వదలనివాడివి. అంత మంచి అవకాశం చేతికొస్తే వదిలేసి, చెప్పు కోసం బురదలో దేవులాడతావా? నా పక్కన కూర్చుని, ఉప్పును పిట్టలని లెక్కపెడతావా? ఆ మధ్యాహ్నం నువ్వు ఎందుకు అంత మెత్తగా ఉన్నావో, ఇంటికి తిరిగొస్తూ నా మోచెయ్యి ఎందుకు పట్టుకున్నావో నాకు అప్పుడు అర్థం కాలేదు. బురదలో జారావు కదా, భయపడుతున్నావనుకున్నాను. నిన్ను నేనే ఇంటికి చేర్చాననుకున్నాను.

జనవరిలో సెలవు పెట్టు. రెండు చెప్పులతో రా. బాకీపడ్డ ఎగతాళి అంతా ఆ గట్టు మీద కూర్చుని చెయ్యి, వింటాను. ఉప్పు జగన్నాధం అను, ఏమైనా అను. గున్నమ్మత్త అప్పుడే పొన్నగంటి మడి చూసుకుంటోంది, నీ కళ్ళు ఇంకా బాగుచేయాలట. ఇకమీదట ఉత్తరాలు నేనే చదువుకుంటాను, మీ అక్కకు గుట్టుగా ఏమైనా రాయాలంటే వేరే కార్డు కొనుక్కో.

ఉప్పు కుప్పలు ఈ ఏడు డెబ్బై ఒకటి. పిట్టలెన్నో రాయను, ఇంకా లెక్కపెట్టలేదు. నువ్వు వచ్చాక లెక్కపెట్టు. నీ లెక్క ఎంత తప్పినా సరే, నేను అవునంటాను.

మీ బావ
జగన్నాధం